నా శవం పక్కన ఆపో ఉర్బానా

ఏమనిపించిందా? ఎండ అనిపించింది. మే నెలలో మన దిబ్బల ఇసక మీద వెల్లకిలా పడుకోబెడితే ఇంకేమనిపిస్తుంది తల్లీ? రాసుకో, మీ మనీలా పంతులమ్మకి అదే చెప్పు, మా తాతకి ఎండ అనిపించిందట అని. నవ్వుతావేం? పరాయి దేశం వాళ్ల వేషాలు మీచేత వేయించారే, మీకు సిగ్గనిపించలేదా, కోపం రాలేదా అంటున్నావు. ఇప్పుడు నువ్వడిగితే వస్తోంది కోపం. అప్పుడు రాలేదు. అప్పుడు ఊరంతా ఒకటే నవ్వు. మా చిన్నాన్న కొడుకు మెల్చోర్ అని ఉండేవాడు, అద్దంలో చూసుకుని, "ఒరేయ్, ఈ మొహానికి ఇంత గిరాకీ ఉందని తెలిస్తే ఇన్నేళ్లూ పొగాకు ఎందుకు నాటాన్రా" అనేవాడు. యుద్ధమేమో వియత్నాంలోది. సినిమా తీసేవాళ్లు సముద్రాలు దాటొచ్చిన తెల్లవాళ్లు. అక్కడికే పోయి తీయొచ్చుగా? పోరు. అక్కడ నిజంగా చస్తారు. అందుకని మన ఊరొచ్చారు. మన గడ్డి ఇళ్లే వాళ్ల ఇళ్లన్నారు, మన గేదెలే వాళ్ల గేదెలన్నారు. గేదెలేమీ అనుకోలేదు. మేమూ అనుకోలేదు.

పొద్దున మాకు నల్లబట్టలు తొడిగి, పల్లెవాళ్లని చేసి కాల్చేవాళ్లు. అన్నాలయ్యాక మాకే టోపీలూ తుపాకులూ ఇచ్చి, పొద్దున కాల్చింది మీరేనర్రా అనేవాళ్లు. నన్ను నేనే చంపుకున్నాను ఆ సినిమాలో, తెలుసా? చంపినా మనమే, చచ్చినా మనమే, మధ్యలో ఆ తెల్ల హీరో ఒక్కడే మనిషి. మనకి మాటలుండవు. అరవాలి, పరిగెత్తాలి, పడాలి. "ఏమని అరవమంటారు?" అని మెల్చోర్ అడిగాడు. అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పడానికి లావోగ్ పట్నం నించి తెచ్చిన కుర్రాడొకడుంటే, వాడు అడిగొచ్చి, "ఏదో ఒకటి అరవమంటున్నారు అన్నా, చూసేవాళ్లెవరికీ తెలీదు" అన్నాడు. ఇంకేం, మావాడు చేతులు పైకెత్తి, బావమరిది పట్టుకుపోయి తిరిగివ్వని కోడిపుంజు సంగతంతా గావుకేకలు పెడుతూ పరిగెత్తాడు. వెనకాల మేమంతా ఏడుస్తూ పరిగెత్తాలి, నవ్వాపుకోలేక చచ్చాం. ఆ తెల్లవాళ్ల జట్టులో ఒక నల్లాయన ఉండేవాడు. హీరోకి స్నేహితుడి వేషం. మిగతావాళ్లు డేరాలో తినేవాళ్లు, ఆయన పళ్లెం పట్టుకొచ్చి మా దగ్గర కూర్చుని మన చేపల పచ్చడి నాకేవాడు. కథలో సగంలోనే చచ్చిపోతాడట. "ఎప్పుడూ సగంలోనే" అని మెడ మీద చెయ్యి గీసుకుని చూపించి నవ్వేవాడు. రాసుకో, ఇది నీకు పనికొస్తుంది. ఉండు, ఉండు, నేను చెప్పాలనుకున్నది ఆయన సంగతి కాదు.

ఆపో ఉర్బానా సంగతి. ఊళ్లో పెద్దవాళ్లందర్నీ ఆపో అన్నట్టే ఆవిడనీ అనేవాళ్లం. నీకు తెలీదులే, మీ అమ్మకి పాలపళ్లు ఊడకముందే పోయింది. ఎవరింట్లో చావైనా ఆవిడ రావలసిందే. శవం పక్కన చాప మీద కూర్చుని, నల్లముసుగు మొహం మీదికి లాక్కుని శోకం పెట్టేది. దుంగావ్ అంటాం గదా. మీ మనీలాలో చావింట్లో పేకాట ఆడతారట, నీకెక్కడ తెలుస్తుంది? అది ఊరికే ఏడవడం కాదు. పోయినవాడి బతుకంతా పాడాలి. ఏ చెలక దున్నాడు, ఎవర్ని ప్రేమించాడు, ఎవర్ని చేసుకున్నాడు, ఎవడు ముంచాడు. బతికుండగా పెదవి దాటని మాట అక్కడ అనొచ్చు. ఎదురుగా కూర్చున్న అల్లుణ్ణి పట్టుకుని కడిగెయ్యొచ్చు. ఎవరూ అడ్డం రాకూడదు, మర్నాడు ఆ మాట పట్టుకుని తగువుకి పోకూడదు. శవంతో చెప్పుకున్నట్టు లెక్క. మా నాన్న పోయినప్పుడు, ఆయన మా అమ్మకి తెలీకుండా ఎక్కడెక్కడ కోడిపందేలు ఆడాడో అన్నీ పాడేసింది. మా అమ్మ ఏడుస్తూనే, "ఆఁ? అక్కడ కూడానా?" అని ముక్కు చీదింది. అలా ఉండేది ఆవిడ గొంతు, ఏడిపిస్తూ నవ్వించేది. కానీ ఒకటి, శవం ఎదురుగా ఉండాలి. శవం లేకుండా శోకం పెడితే, బతికున్నవాణ్ణి ఎవణ్ణో చావుకి పిలిచినట్టు. ఆవిడ అలా ఎన్నడూ చెయ్యదు.

అందుకే ఊరందరికీ శోకం పెట్టిన మనిషి సొంత కొడుక్కి పెట్టలేకపోయింది. ఫెలిమోన్ వాడి పేరు. ఒక్కడే కొడుకు. జపాను వాళ్ల కాలం, నేనింకా పుట్టలేదు, మా అమ్మ చెప్పేది. కొండల్లో దాక్కుని జపాను వాళ్ల మీద తిరగబడ్డవాళ్లకి వీడు బియ్యం మోసేవాడట. ఒకరోజు పొద్దున సిపాయిలొచ్చి మగవాళ్లందర్నీ చర్చి ముందు వరసగా నిలబెట్టారు. ఒకణ్ణి తీసుకొచ్చారు. సంతకి పట్టుకెళ్లే ఆకుల సంచీ ఉంటుంది చూడు, అది వాడి తల మీద బోర్లించారు, కళ్ల దగ్గర రెండు బెజ్జాలు. వాడు వరస వెంట నడుచుకుంటూ వచ్చి ఎవడి ముందు ఆగి తల ఊపితే వాణ్ణి లారీ ఎక్కిస్తారు. ఫెలిమోన్ ముందు ఆగాడు. ఊపాడు. అంతే. లారీ పోయింది. శవం రాలేదు, గొయ్యి ఎక్కడో తెలీదు, చొక్కా గుండీ కూడా తిరిగిరాలేదు. ఆడవాళ్లనేమో మోకాళ్ల మీద కూర్చోబెట్టి నుదురు నేలకి ఆనించమన్నారు, తలెత్తితే తుపాకి మడమతో పొడిచేవాళ్లు. అందుకని ఉర్బానాకి కనబడింది కాళ్లే. ఆ సంచీవాడి కాళ్లు. బొటనవేలి పక్క వేలు బొటనవేలి మీదికెక్కి పడుకుని ఉంటుంది, రెండు కాళ్లకీ. ఇంక అప్పట్నించి ఆవిడ ఎవరింటికి శోకానికెళ్లినా ముసుగులోంచి వచ్చినవాళ్ల కాళ్లు చూసేది. మాకు తెలుసు. "ఆపో ఉర్బానా మొహం చూసి గుర్తుపట్టదు, పాదాలు చూసి పేరు చెబుతుంది" అని వేళాకోళం చేసేవాళ్లం. పెళ్లిళ్లలో అంతే, పూజల్లో అంతే. దొరకలేదు.

మా మామగారి కాళ్లు మాత్రం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆ, మీ అమ్మమ్మ తండ్రే. సెవెరో. ఆయనది ఈ ఊరు కాదు, యుద్ధమయ్యాక వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్నాడు. అంతకుముందు పట్నంలో గుమాస్తా. వచ్చినప్పుడే కాళ్లకి బూట్లు. అమెరికా సిపాయి ఎవరో ఇచ్చాడనేవాడు. అవి అరిగితే ఇంకో జత, అవీ అరిగితే ఇంకోటి. వరి మళ్లోకీ బూట్లే, సముద్రంలో వల లాగడానికీ బూట్లే. బురద అతుక్కుని ఒక్కో కాలు గేదె కాలంత అయ్యేది, అయినా విప్పడు. "దొరగారు బూట్లతోనే పుట్టారు, మంత్రసానికి దెబ్బ తగిలింది" అని మెల్చోర్ అనేవాడు. చదువుకున్నవాడి డాబు అనుకున్నాం. చెడ్డవాడు కాడు. కరువొస్తే విత్తనాలిచ్చాడు. సగం ఊరి పిల్లలకి జ్ఞానస్నానం నాడు ఆయనే చెయ్యి వేసి నిలబడ్డాడు. నా పెళ్లికి గేదెనిచ్చాడు. మంచివాడనే చెప్పుకోవాలి... ఏం చెప్పుకోవాలో నాకు తెలీదు.

సరే, సినిమా. కథేమిటంటే, యుద్ధంలో దెబ్బతిన్న ఆ తెల్లాయన్ని ఒక పల్లెలో ముసలమ్మ దాచిపెడుతుంది. ఆ ముసలమ్మ కొడుకు ఈయనకి తమ్ముడిలా అవుతాడు. శత్రువులొచ్చి ఆ కొడుకుని చంపేస్తారు. ఇంక మిగతా సినిమా అంతా ఈయన పగ తీర్చుకోవడమే. ఆ కొడుకు వేషం మనీలా నించి వచ్చిన ఒక నాజూకు అబ్బాయిది. బతికున్నంతసేపూ చేశాడు గానీ, చచ్చాక ఇసకలో పడుకోమంటే ఒంటికి పడదని వెళ్లిపోయాడు. దవడ ఒకలాగే ఉందని నన్ను పడుకోబెట్టారు. అందుకే అన్నా గదా, ఎండ అనిపించింది. ఛాతీ మీద ఎర్రటి పాకం పోశారు, తియ్యటిది. చీమలకి పండగ. ముసలమ్మ వేషం వేసినావిడకి శోకం రాదు, ముసుగులో ఎవరైతేనేమని ఉర్బానాని అడిగారు. "బతికున్నవాడికి పెట్టను" అంది. లావోగ్ కుర్రాడు బతిమాలాడు, మాంసం డబ్బాలు ఇస్తామన్నాడు. చివరికి, "ముసుగేసుకుని ఊరికే మూలుగుతాను, మాటలు రావు నా నోట" అంది. వాళ్లకి మాటలతో ఏం పని? సరేనన్నారు. ఆ నాజూకు అబ్బాయి అమ్మ వేషం, ఇంకా చెప్పాలంటే నా అమ్మ వేషం, అలా ఆవిడకొచ్చింది.

ఊరందర్నీ చుట్టూ కూర్చోబెట్టారు, చావింటికి వచ్చినట్టు. అప్పుడు బట్టలు చూసే ఎర్రజుట్టు ఆవిడ ఒకతె వరస వెంట వచ్చి అందరి చెప్పులూ విప్పించి గోనెసంచీలో పడేస్తోంది. ఆ దేశం పల్లెవాళ్లు చెప్పులు వేసుకోరందిట. ఆవిడకెవరు చెప్పారో! నువ్వు పెద్ద చదువు చదువుతున్నావు, నువ్వు చెప్పు, వేసుకోరా? వేసుకుంటారుగా? ఆవిడ మాత్రం వేసుకోరంది. మా మామగారి దగ్గరికొచ్చి బూట్ల కేసి చూపించింది. "నేను విప్పను. నాకు ఊరిపెద్ద వేషం ఇమ్మనండి. ఊరిపెద్దకి బూట్లుంటాయి" అన్నాడాయన. కుర్రాడు అటు చెప్పాడు, అటునించి తెచ్చాడు. "ఆపో, వాళ్ల ఊరిపెద్ద కూడా ఒట్టికాళ్లతోనే తిరుగుతాట్ట. కుదరకపోతే ఇంటికెళ్లమంటోంది." ఎవడో కిసుక్కుమన్నాడు. వెళితే పోయేది. లేచాడు కూడా, నేను పడుకుని చూస్తున్నాను. కానీ ముందు వరసలో ఆయనకి చోటిచ్చారు, సినిమాలో మొహం పడుతుంది. లావోగ్‌లో పెద్ద తెర మీద. మనిషికి ఆ యావ ఒకటి ఉంటుంది చూడు. మళ్లీ కూర్చున్నాడు. మీ అమ్మమ్మ పక్కనే ఉంది, వంగి తాళ్లు విప్పింది. నన్ను కళ్లు మూసుకోమన్నారు. మూసుకున్నాను.

ఇంక నాకు కనబడదు. వినబడుతుంది. ఉర్బానా వచ్చి నా పక్కన కూర్చుంది. తమలపాకు వాసన. ముసుగు లాక్కుంది. డైరెక్టరు ఏదో అరిచాడు. మూలగడం మొదలెట్టింది, ఏదో మొక్కుబడికి. మూలుగు కాసేపు సాగింది, ఆగిపోయింది. ఆవిడ చెయ్యి నా భుజం మీద ఉంది, అది బిగిసింది. మర్చిపోయిందేమో, కళ్లు తెరవనా అనుకున్నాను. అప్పుడు మొదలెట్టింది తల్లీ. నిజం శోకం. "ఓ ఫెలిమోనా, నా కడుపులో గింజా, నిన్ను ఏ మట్టిలో పెట్టారో నాకు చెప్పలేదురా. నీకు నీళ్లెవరు పోశారు, నీ కళ్లెవరు మూశారు. తలకి సంచీ బోర్లించుకుని వచ్చాడు నాయనా నిన్ను చూపించినవాడు. తలని దాచుకున్నాడు, కాళ్లు దాచుకోవడం మర్చిపోయాడు. మన్ను మీద నుదురానించి ఆ కాళ్లు చూశాను. చావిళ్లల్లో వెతికాను, పెళ్లి పందిళ్లలో వెతికాను, ప్రతి పూజలో వంచిన తల వంచే ఉంచి వెతికాను. ఇవాళ వచ్చాడు నాయనా. నీ చావుకే వచ్చాడు. ముందు వరసలో కూర్చున్నాడు, బూట్లు విప్పి మరీ కూర్చున్నాడు." అలా అంది. నా బుగ్గ మీద ఒక చుక్క పడింది, వేడిగా. కనుబొమ్మ మీద చీమ పాకుతోంది. కదలకూడదు. కదిలితే శవం కాను. ఇంక ఆ కాళ్లవాడితోనే అంది, "నీ ప్రాణం అడగను, నీ పొలం అడగను, నీ పిల్లకి చెడు కోరను. నేనే అని ఒక్కసారి అను. తల ఊపింది నేనే అను. నా చెవులుండగా అను, విని పోతాను."  సముద్రం చప్పుడొక్కటే. అందరూ ఆయన కేసి చూస్తున్నారు కాబోలు. చూడలేనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన మొహం ఎలా ఉందో నాకిప్పటికీ తెలీదు.

అన్నాడా? ఏమీ అనలేదు. డైరెక్టరే అరిచాడు, అరిచి చప్పట్లు కొట్టాడు. ఆయనకి కళ్లల్లో నీళ్లు. తెల్లవాళ్లంతా కొట్టారు. వాళ్లని చూసి మనవాళ్లూ కొట్టారు. ఆ నల్లాయన ఒక్కడు మాత్రం కొట్టలేదు. టోపీ తీసి గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. నేను కళ్లు తెరిచేసరికి మా మామగారు బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు, తొందరేమీ లేదు, నెమ్మదిగా. కట్టుకుని ఆవిడ దగ్గరికొచ్చి, "ఎంత బాగా నటించావు ఆపో! నిజంగా జరిగినట్టే ఉంది" అన్నాడు. ఇంక దాంతో ఊరు ఊరంతా మొదలెట్టింది. "నిజమే ఆపో, ఏం నటన!" "మాకు ఒళ్లు జలదరించింది!" "నిన్ను మనీలా తీసుకుపోతారు!" వాళ్లని తప్పు పట్టకు. సగం ఊరికి ఆయన విత్తనాలు తిన్న రుణం, సగం ఊరు ఆయనకి చుట్టరికం. నటన అనుకుంటే అందరికీ సుఖం. ఆవిడ ఒక్కొక్కళ్ల మొహం చూసింది, "నటించానా?" అంది. డైరెక్టరేమో ఇంకోసారి కావాలన్నాడు, దగ్గర్నించి తీస్తాట్ట. "పూడ్చినవాణ్ణి తవ్వి మళ్లీ పూడుస్తావా?" అని ముసుగు తీసేసింది. కుర్రాడు ఆ మాట అటు చెప్పనే లేదు. నల్లాయన పోయి డైరెక్టరుతో ఏదో గట్టిగా అన్నాడు, ఇంక వాళ్లు ఆవిడ జోలికి రాలేదు.

వెళుతూ వెళుతూ ఆ కుర్రాణ్ణి అడిగింది, "నేనన్న మాటలు ఆ పెట్టెలో పడ్డాయా అబ్బాయ్?" అని. "పడ్డాయి ఆపో, ప్రపంచమంతా వింటుంది" అన్నాడు వాడు. వాడికేం తెలుసు, పెద్దావిడ సంతోషపడుతుందని అన్నాడు. "అయితే మంచిదే. లావోగ్‌లో జనం టికెట్టు కొనుక్కుని కూర్చుని వింటారు. అప్పుడు నటన అనమను చూద్దాం" అంది. ఇంక ఎదురుచూడ్డం. పొగాకు కోతలైపోయాయి, మళ్లీ నాట్లు పడ్డాయి, సినిమా లేదు. కనబడినప్పుడల్లా నన్ను "ఏరా శవమా, వచ్చిందా?" అని అడిగేది. నేనే శవాన్ని గదా, నన్నలా పిలిచేది. ఇంట్లోనా? ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మీ అమ్మమ్మ ఆదివారం ఆదివారం పుట్టింటికెళ్లి వాళ్ల నాన్నకి వండిపెట్టి వచ్చేది. నేను ఏదైనా అడుగుతానేమోనని నా కేసి చూసేది కాదు.

వచ్చింది చివరికి సినిమా. ఉర్బానా పెట్టెలోంచి మంచి పైట తీసి వేసుకుని మా గుమ్మంలో నిలబడింది. "పద. మీ మామని కూడా పిలువు" అంది. పిలిచాను. మోకాళ్లు నొప్పులన్నాడు. ఇద్దరం వెళ్లాం, లావోగ్‌కి. హాలు నిండా జనం. మన దిబ్బలు కనబడగానే ఈలలు. మెల్చోర్ చేతులెత్తి పరిగెత్తుకొచ్చాడు, కోడిపుంజు మాట ఒక్కటి లేదు, వాడి నోట్లో ఎవరిదో గొంతు ఏదో భాషలో కుయ్యో కుయ్యో అంటోంది. అప్పుడే నాకు సంగతి తెలిసిపోయింది. ఆవిడకేం అర్థం కాలేదు, ముందుకి వంగి కూర్చుంది. చాప వచ్చింది. నా దవడ వచ్చింది, నా చెవి వచ్చింది. ముసుగులో ఆవిడ. నోరు తెరిచింది. తెరిస్తే, వయొలిన్లు. బోలెడు వయొలిన్లు. నోరు కదులుతోంది, వయొలిన్లు ఏడుస్తున్నాయి. మా మామగారి మొహమా? లేనే లేదు. ముందు వరస లేదు, ఊరు లేదు. రెండు ఊపిర్లు తీసేలోగా ఆవిడ కూడా పోయింది, ఆ తెల్ల హీరో మొహం వచ్చింది. ఆయన కంట్లో నీళ్లు. ఆ నీటిచుక్క కింద పడేదాకా ఇంకెవర్నీ చూపించలేదు.

ఆవిడ లేచి నిలబడింది. నేను పైట పట్టుకుని లాగాను, విదిలించుకుంది. నిలబడి ఎత్తుకుంది. "ఓ ఫెలిమోనా, నా కడుపులో గింజా..." రెండోసారి పెట్టనన్న మనిషి. చీకట్లో, ఆ తెర వెలుతురు మొహం మీద పడుతుండగా. హాల్లో అందరూ మన భాష మాట్లాడేవాళ్లే గదా, ప్రతి ముక్కా తెలుస్తుంది. తలలు తిప్పి చూశారు. తరవాత ఒకడు, "అమ్మమ్మా, కూర్చో, అడ్డం!" అన్నాడు. ఒకడు, "సినిమావాళ్లే పంపించార్రా, ప్రచారానికి" అన్నాడు. నవ్వారు. ఎవడో పైసలు కూడా విసిరాడు. గేటు దగ్గరివాడు టార్చిలైటు వేసుకుంటూ వచ్చాడు. ఆవిడ ఆపలేదు. సంచీ దాకా వచ్చింది, తలని దాచుకున్నాడు అనే దాకా వచ్చింది. అప్పుడే తెర మీద హీరో తుపాకి తీశాడు, బాంబులు మొదలయ్యాయి. ఇంక ఎంత గొంతయినా వినబడదు. కూర్చుంది. సినిమా అయ్యేదాకా కూర్చుంది, కళ్లార్పలేదు. తిరిగొచ్చే జీప్నీ బండిలో పొగాకు మూటల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. చాలా దూరం వచ్చాక అంది, "చూశావురా శవమా, నా కొడుకు కోసం వాడు ఎంతమందిని చంపాడో? అందరూ మనవాళ్లే. మెల్చోర్‌నయితే చంపిందే చంపడం. వాడేం చేశాడని? ఎవరు చంపమన్నారు ఆ తెల్లవాణ్ణి? నన్నొక్క ముక్క అడిగాడా?" నేను పక్క మూట జరిపి ఆవిడకి చోటు చేశాను. "నేనడిగింది ఒక్క మాట. దానికి తుపాకెందుకు" అంది.

తరవాత ఇంక ఎవరికీ శోకం పెట్టలేదు. ఎవరింట్లో పోయినా కబురు వెళ్లేది, ఆవిడ తలుపు తీసేది కాదు. "సినిమా ఎక్కాక ఆపోకి టెక్కు పెరిగింది" అన్నారు ఊళ్లో. చావులు మూగగా అయిపోయాయి, చర్చి పాటలు పాడి పంపేసేవాళ్లు. దిబ్బల చివర ఆ చిన్న ఇంట్లో ఒక్కతే. పొయ్యి పొగ వస్తే ఉందనుకునేవాళ్లం. ఒక పొద్దున రాలేదు. మేమే వెళ్లి మంచం మీంచి దించాం, మేమే కడిగాం. మామూలుగా చాప మీద పడుకోబెట్టి ఊరంతా చుట్టూ కూర్చున్నాం. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటున్నాం. శోకం పెట్టే మనిషికి శోకమెవరు పెడతారు? ఎవరికీ రాదు. ముసలాళ్లు గుసగుసలు, "పాపం, ఒట్టినే పంపుతామా?" మా మామగారు వచ్చాడు, ఊరికి పెద్దగదా, ముందుకొచ్చి కూర్చున్నాడు. బూట్లతోనే.

మీ అమ్మమ్మ లేచింది. నాకు అప్పటిదాకా... సరే. మీ అమ్మమ్మ గొంతు నీకు తెలుసుగా, చర్చిలో కూడా నోరు కదిపేదే గానీ పాట బయటికొచ్చేది కాదు. వెళ్లి ఆవిడ తలాపున కూర్చుంది. ఎవరిదో నల్లగుడ్డ అడిగి మొహం మీదికి లాక్కుంది. రాగం లేదు, ఏం లేదు. విరిగి విరిగి వచ్చింది. "ఆపో, నాకు రాదు. రాకపోయినా పెడుతున్నాను. మా అమ్మ పోయినప్పట్నించి మా నాన్న కాళ్ల గోళ్లు తీసేది నేనే ఆపో. బొటనవేలి మీదికెక్కిన ఆ వేలు నాకు తెలుసు. బూట్ల తాళ్లు విప్పింది నేనే. నువ్వు చెప్పిన కాళ్లు నా పక్కనే ఉన్నాయి ఆ వేళ. నీ మాటకి అవి ఇసకలోకి దూరాయి, నేను చూశాను. చూసి, నేనూ చప్పట్లు కొట్టాను. నువ్వు నటించలేదు ఆపో. నువ్వు నటించలేదు." అదే మాట, మళ్లీ మళ్లీ. అడ్డం రాకూడదు గదా. ఎవరూ రాలేదు. ఆయనా రాలేదు, కూర్చున్నాడు, అయ్యేదాకా కూర్చున్నాడు. అయ్యాక లేచి వెదురు నేల మీద టకటకమని నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఇంక మా గడప తొక్కలేదు, మీ అమ్మమ్మ ఆ గడప తొక్కలేదు.

అన్నాడా అంటే? లేదు. పోయేదాకా అనలేదు. ఎందుకు ఊపాడో కూడా తెలీదు. భయమే అయ్యుంటుంది. నేను అడగలేదు, ఎవరడుగుతారు? కానీ ఆ రోజు ఊరంతా వింది. ఒక్కడంటే ఒక్కడు బాగా చేశావనలేదు, ఒక్కడు తలెత్తలేదు. అందరం విన్నాం తల్లీ. వినాల్సిన ఆపో మాత్రం అక్కడే, మా మధ్యనే, చాప మీద, మొహం మీద గుడ్డ కప్పుకుని...

ఏమిటీ? ఏం లేదు. ఆ వెల్లుల్లి కట్టలు ఇంకా బయటే ఉన్నట్టున్నాయి. మబ్బేసింది, వెళ్లి లోపల పెట్టు.